ఆర్చి కడితే మియాజిమా అయిపోతుందా?

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి మాటెత్తితే చాలు, గూడెంలో ఎవరో ఒకరు సెల్‌ఫోన్ తీసి జపాన్ ఫొటో చూపిస్తారు. మియాజిమా దీవి, సముద్రంలో ఎర్రటి ద్వారం. అలాంటిది కొల్లేటి సరస్సులో ఒకటి కట్టేస్తే జనం విరగబడి వస్తారట! వినడానికి బాగానే ఉంది. నిలబడే వాదనేనా?

ఆ ద్వారం ఎలాంటిదో ముందు తెలుసుకోండి. ఇప్పుడున్నది 1875లో కట్టింది. ఎత్తు సుమారు 16 మీటర్లు. కర్పూర వృక్షాల మానులే ప్రధాన స్తంభాలు. వాటిని లోతుగా పాతలేదు, ద్వారం తన బరువుతోనే నిలుస్తోంది. సముద్రం పోటు మీదుంటే నీళ్లలో, పాటు మీదుంటే బురదలో కనిపిస్తుంది. కొల్లేటికి పూటపూటా ఆ పోటు ఎక్కడిది? బుడమేరు, తమ్మిలేరు పొంగితే నిండుతుంది, ఎండలు ముదిరితే నెర్రెలిస్తుంది. నెర్రెల మధ్య సిమెంటు ఆర్చిని చూడ్డానికి ఎవరొస్తారు?

కట్టి చేతులు దులుపుకుంటే సరిపోతుందా? జపాన్ వాళ్లు 2019 నుంచి 2022 దాకా ఆ ద్వారం చుట్టూ పరంజా కట్టి మరమ్మతు చేశారు. 2023 నుంచి దీవికొచ్చే సందర్శకుల దగ్గర తలకు 100 యెన్ల పన్ను తీసుకుంటున్నారు. మరి మన ఊరూరి ఆర్చిల మాటేమిటి? రంగు వెలిసి, పెచ్చులూడి, దేవుడి పేరు మీద ఫ్లెక్సీ వేలాడుతూ ఉంటుంది. దాత పేరు మాత్రం చెక్కుచెదరదు.

అసలు తప్పు ఇంకా లోతుగా ఉంది. మియాజిమాలో దీవి నేలనే పూజ్యమని ఎంచి, గుడిని పోటునీళ్లపైకి జరిపి కట్టారు. మనం అమ్మవారిని జలదుర్గ అని మొక్కుతూనే, ఆ జలాన్ని చేపల చెరువులుగా కోసి గట్లు పోశాం. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయినా 2006లో యంత్రాలు పెట్టి గట్లు తెగ్గొట్టాల్సి వచ్చిందే! ఈ స్థితిలో ద్వారం కడతామనడం పెళ్లికూతుర్ని వదిలేసి పందిరికి రంగులేయడమే.

పర్యాటకం పెరిగితే లంక గ్రామాలవాళ్లకు నాలుగు డబ్బులొస్తాయంటారు. కాదనను. పడవ నడవాలంటే నీరుండొద్దూ? ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు దిగాలంటే వాటికి చేప దొరకొద్దూ? గుర్రపుడెక్క కమ్మేసిన నీళ్ల మీద సిమెంటు ఏ ఉపాధి పుట్టిస్తుంది?

ఫాల్గుణ జాతరకు తరలివచ్చే భక్తులు ఆర్చి చూసి రావడం లేదు. కాబట్టి రేపెవరైనా ఆర్చి చందా పుస్తకంతో మీ గుమ్మం ఎక్కితే, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడికతీతకు ఎంత రాస్తున్నారో ముందు అడగండి. జవాబు చెప్పలేకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.