ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాలు: తప్పంతా డ్రైవర్‌దేనా?

సంపాదకులకు,

గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాలకు డ్రైవర్ల అజాగ్రత్తే కారణమని ఇటీవలి వ్యాసం తేల్చడం సమంజసం కాదు. ముందు చక్రాలు రెండింటినీ వెనుక ఇరుసు మధ్యబిందువునూ కలిపే ఊహారేఖలను ‘స్థిరత్వ త్రిభుజం’ అంటారు. బండి, సరుకుల ఉమ్మడి గరిమనాభి దాన్ని దాటితే బండి ఒరిగిపోతుంది కనుక, సరుకును పైకెత్తి మలుపు తిరగడం ఎంతటి నిపుణుడికైనా ప్రమాదమే. ఒరిగే బండి నుంచి దూకినవారు దాని పైకప్పు చట్రం కిందే నలిగిపోయే అవకాశం ఉన్నందున సీటు బెల్టు తప్పనిసరి. అంతకన్నా గమనించవలసింది, ఈ బండి వెనుక చక్రాలతో తిరుగుతుంది కాబట్టి మలుపులో దాని వెనుక భాగం విసురుగా బయటికి వచ్చి, పక్కనున్న హమాలీని ర్యాకుకు అదిమేయగలదు. ఈ ముప్పును డ్రైవర్ అప్రమత్తత ఒక్కటే ఆపలేదు. లారీలు త్వరగా ఖాళీ కావాలని తొందరపెట్టే యాజమాన్యాలు ముందుగా మనుషుల నడకదారిని ఇనుప కంచెతో వేరుచేయాలి.

— ఒక పాఠకుడు