గదిలోని వెలుగే మేత

బ్యాటరీ లేని సౌర కాల్క్యులేటర్ నుదుట నల్లని గళ్ల పలక ఒకటి ఉంటుంది. దాన్ని అరచేత కప్పితే తెరపై అంకెలు మాసిపోతాయి. చేయి తీస్తే తిరిగి ప్రత్యక్షమవుతాయి. పిల్లలు వినోదంగా చేసే ఈ పని వెనుక, ఒకచోట అక్కరకు రానిది మరొకచోట రాణించిన కథ ఉంది.

సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చే సిలికాన్ ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల లోకానికి చూపింది. అది స్ఫటిక సిలికాన్. 1976లో ఆర్‌సీఏ సంస్థ శాస్త్రజ్ఞులు డేవిడ్ కార్ల్‌సన్, క్రిస్టఫర్ రాన్‌స్కీ స్ఫటికరూపం లేని సిలికాన్‌ను పలుచని పొరగా పరచి మరో ఘటాన్ని నిర్మించారు. స్ఫటికంతో పోలిస్తే ఎండలో ఇది బలహీనం. పైగా ఎండ తగిలినకొద్దీ కొంత సత్తువ కోల్పోతుంది. మిద్దె మీద రాణించని ఈ ఘటాన్ని జపాన్‌లోని సాన్యో సంస్థ 1980లో కాల్క్యులేటర్లకు అమర్చింది. ట్యూబులైటు కింద అది భేషుగ్గా పనిచేసింది!

కారణం వెలుగు స్వభావంలోనే ఉంది. ఎండలో కంటికి కనిపించని పరారుణ కిరణాలు విస్తారం. స్ఫటిక సిలికాన్ వాటిలో కొంత భాగాన్ని కూడా వాడుకోగలదు. ట్యూబులైటులోనూ, నేటి ఎల్ఈడీ దీపంలోనూ అవి దాదాపు శూన్యం. స్ఫటికరూపం లేని సిలికాన్ కంటికి కనిపించే కాంతినే ఎక్కువగా స్వీకరిస్తుంది. అందుకే గదిలో దానిది పైచేయి.

అయినా గదిలో దొరికేది పిసరంతే. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులైతే, కార్యాలయపు బల్ల మీద వెలుగు 500 లక్సులు. అక్కడ ఇటువంటి ఘటం చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 15 మైక్రోవాట్లు ఇస్తుంది. ఈ లెక్కన 9 వాట్ల బల్బు ఒక్కటి వెలగాలంటే 60 చదరపు మీటర్ల పలక కావాలి. ఏ ఇంట్లో పడుతుంది?

బల్బు కథ వేరు, చిన్న పరికరాల కథ వేరు. గది ఉష్ణోగ్రతను కొలిచి తీగ లేకుండా కబురు పంపే పరికరం కుంభకర్ణుడికి తోబుట్టువు. కొన్ని నిమిషాలకొకసారి మేల్కొని, రెప్పపాటులో కబురంపి, మళ్లీ నిద్రలో మునుగుతుంది. సగటున కొన్ని పదుల మైక్రోవాట్లతో దాని రోజు గడుస్తుంది. అరచేతిలో సగమంత పలక, రాత్రివేళకు విద్యుత్తును దాచిపెట్టే కెపాసిటర్ ఉంటే చాలు. 2021లో శామ్‌సంగ్ సంస్థ టీవీ రిమోట్‌కు ఇటువంటి పలకనే అతికించింది. రంగుపదార్థంతో కాంతిని పట్టే ఘటాలు మరో మార్గం. 1991లో స్విట్జర్లాండ్‌లో మైకేల్ గ్రాట్జెల్, బ్రయన్ ఓరీగన్ వాటికి బాట వేశారు.

ఇంత ప్రయాస దేనికంటే, బిళ్ల బ్యాటరీని వదిలించుకోవడానికి. దాన్ని మార్చడం మరచిన రోజున టీకాల పెట్టె వేడెక్కినా హెచ్చరించే దిక్కుండదు. పసివాడు మింగితే, గొంతులో ఇరుక్కున్న బిళ్ల రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చివేయగలదు.

అయితే గదిలోని దీపం కరెంటు ఉచితం కాదు. పరికరం కోసమే దీపం వెలిగించి ఉంచడం పిచ్చుక దాహానికి చెరువు తవ్వించడమే. తలుపు తీసినప్పుడే దీపం వెలిగే సామాన్ల కొట్టులో ఇంకా బ్యాటరీయే గతి.