పొగగొట్టం మీదా ఓ కన్నేయండి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బరుకు వెళితే పనులు జోరుగా కనిపిస్తాయి. బోట్లకు నాచు గీకుతారు, రంగులేస్తారు, వలలు బాగుచేస్తారు. పొగగొట్టం సంగతి పట్టించుకునేవారు మాత్రం తక్కువ. ఇంజన్లోకి ఉప్పునీరు చేరే దారుల్లో అదొకటి.

ఇంజను నడుస్తున్నంతసేపు పొగ ఒత్తిడికి నీళ్లు లోపలికి రావు. ఇంజను ఆపి లంగరేసినప్పుడే చిక్కు. వెనక నుంచి కొట్టే కెరటం నీటిని గొట్టంలోకి తోస్తుంది. ఆ సమయంలో ఏదో ఒక సిలిండరుకు ఎగ్జాస్టు వాల్వు తెరుచుకుని ఉంటే, నీళ్లు పిస్టన్ మీదకు చేరతాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు. తెల్లారి స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఇక ఆ ట్రిప్పు డీజిలు, ఐసు, కలాసీల కష్టం నీళ్లపాలే. గాలివానలో ఇంజను ఆగితే ప్రాణాల మీదకే వస్తుంది.

ఖాళీ బోటును చూసి మోసపోవద్దు

జెట్టీ దగ్గర ఖాళీ బోటు తేలిగ్గా తేలుతుంది. గొట్టం మూతి నీటికి చాలా ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. డీజిలు, ఐసు, సరుకు నిండాక బోటు దిగుతుంది, మూతి నీటి దగ్గరకొస్తుంది. కాబట్టి బోటు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో గుర్తు పెట్టించి, గొట్టం ఎత్తు దాన్నిబట్టి చూడండి.

గొట్టాన్ని లోపల ఆ గుర్తుకంటే బాగా పైకి లేపి, వంపు తిప్పి, బయటికి వాలుగా దించాలి. మూతికి రబ్బరు రేకు బిగిస్తే కెరటం దెబ్బ తగ్గుతుంది. పొగలో చల్లటి సముద్రపు నీరు కలిసే ఇంజనైతే, ఆ నీటి పైపుకు పైన గాలి వాల్వు ఉండాలి. అది ఉప్పు పేరుకుని మూసుకుపోతే, ఇంజను ఆపాక నీళ్లు వాటంతటవే లోపలికి జారతాయి. పైకి నిలబడే గొట్టమైతే వాన పడకుండా మూత పెట్టండి.

ఇంజను అందుకోకపోతే పదేపదే సెల్ఫ్ కొట్టొద్దు. కొట్టిన ప్రతిసారీ పంపు నీళ్లు తోడి సైలెన్సర్లో నింపుతుంది. తప్పనిసరైతే సముద్రపు నీటి కాక్ కట్టి ప్రయత్నించండి. ఇంజను అందుకున్న మరుక్షణం తెరవండి. లేదంటే పంపు కాలుతుంది.

నీళ్లు చేరాయని అనుమానమొస్తే స్టార్టు చేయనే వద్దు. ఇంజను ఆయిలు పాల టీలా మారడం ఒక గుర్తు. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి తోయించాలి. ఆయిలు మార్చాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఉప్పు ఇనుమును తినేస్తుంది.

ఇది యజమానుల పని మాత్రమే అనుకుంటే పొరపాటు. నిషేధ కాలంలో బోట్ల లెక్క తీసే మత్స్యశాఖ సిబ్బంది, పొగగొట్టం ఎత్తు కూడా చూసి చెబితే పోయేదేముంది? ఇంజను డ్రైవర్లకు శిక్షణనిచ్చే సిఫ్నెట్ కేంద్రం విశాఖలోనే ఉంది. అక్కడి నిపుణులు జెట్టీ మీదకొచ్చి ఒక పూట చేసి చూపిస్తే ఎందరికో మేలు.

ఈసారి బోటు ఒడ్డుకెక్కినప్పుడు రంగు డబ్బా తెరిచే ముందు మీ మెకానిక్కును పొగగొట్టం దగ్గరకు తీసుకెళ్లండి. ఇంజను బాగుచేయించే ఖర్చుతో పోలిస్తే ఈ పని చిల్లరతో పోతుంది.