ఇల్లు – వాకిలి: ట్రక్కునకు అదనపు చక్రము

శివరాత్రి సమీపించినప్పుడు పల్నాట రెండు తొందరలు ఒక్కసారిగా వచ్చిపడును. ఒకవైపు కోటప్పకొండ తిరునాళ్ళ సన్నాహము, ప్రభల కట్టుబడి. మరియొకవైపు మిరపచేలలో కోతలు, కల్లములలో కాయల నెండబెట్టుట, గుంటూరు యార్డునకు టిక్కీలు తరలించుట. సరకుల మోతకు ఇంటి ట్రాక్టరు ట్రక్కే ఆధారము. కావున ఈ మాసము వంటింటి సంగతులను ప్రక్కన నుంచి, వాకిట నిలిచియున్న ట్రక్కును గూర్చి, విశేషించి దాని అదనపు చక్రమును గూర్చి వ్రాయదలచితిమి. ఇది మగవారి పని గదా యని సోదరీమణులు పుట త్రిప్పవలదు. నడిరాత్రి బాటలో ట్రక్కు కూలబడి, సరకు మంచునకు తడిసినచో, ఆ యేటి పంట మీద పెట్టుకొన్న ఆశలలో కొంత అచ్చటనే కరగిపోవును. ఆ లోటును సంవత్సరమంతయు సర్దుకొని రావలసినది గృహిణియే.

గూడుబండి కాలమున మన అవ్వలు ప్రయాణమునకు ముందు బండివానిని మూడు వస్తువులు అడుగుచుండెడివారు: కందెన యున్నదా, మోకు ఉన్నదా, అదనపు శీల యున్నదా? ఇరుసు చివరనుండు శీల ఊడినచో చక్రము దారిని పోవును, బండి నేలకు ఒరుగును. అందుచే ఆ చిన్న ఇనుపముక్కను గడ్డిలో దాచి తీసికొని పోయెడివారు. ఇప్పుడు శీల పోయి బోల్టులు వచ్చినవి. ఇనుపకమ్మి పోయి రబ్బరు వచ్చినది. అడుగు అలవాటు మాత్రము బండితోపాటు పోయినట్లున్నది.

అదనపు చక్రమును మనవారు స్టెపినీ యందురు. ఈ పేరు ఒక వీథి పేరు. వేల్సు దేశమునందలి లానెల్లి పట్టణములో స్టెప్నీ వీథిలో అంగడి పెట్టుకొన్న డేవీసు సోదరులు 1904లో మోటారు బండ్లకు అదనపు చక్రమును సిద్ధము చేసిరి. ఆ కాలపు కారులు ఇట్టి చక్రము లేకయే అమ్ముడుపోవుచుండెను. టైరు పగిలినచో దారిలోనే కూర్చుండి అతుకవలసి వచ్చెడిది. ఆ అంగడి చక్రము పోయి చాలకాలమైనను, ఆ వీథి పేరు మన పంక్చరు అంగళ్ళలో నిలిచియున్నది.

కారులలో నూటికి ఎక్కువ భాగమునకు స్టెపినీ కలదు. ట్రక్కునకో, చాల ఇండ్లలో లేనే లేదు. ఉన్నచోట అది అరిగిపోగా తీసివేసిన పాత టైరే. చిరిగినదని విడిచిన చీరను పెట్టెలో పెట్టుకొని పెండ్లికి పోవుట వంటిది ఈ యేర్పాటు. ట్రాక్టరు చక్రముననే అక్కరకు వాడుకొందమనుటయు కుదరదు. వెనుకచక్రము మాట అటుంచి, ముందుచక్రమునకును ట్రక్కు చక్రమునకును పరిమాణము గాని, బోల్టుల లెక్క గాని సరిపోవునను నమ్మకము లేదు. రెండు చక్రముల ట్రక్కునకు ఒకప్రక్క పొట్టిచక్రము తగిలించినచో బరువంతయు ఆ ప్రక్కకు ఒరుగును. ఉన్న రెండింటితో సమానమైన మూడవదే స్టెపినీ.

దానిని ఎచ్చట కట్టవలెను? ట్రక్కులో ఊరక పడవేయుట అన్నిటికంటె చెడ్డపద్ధతి. రిమ్ముతో కూడిన చక్రము ఇద్దరు ఎత్తవలసినంత బరువు. గుంతలో బండి దుమికినప్పుడు అది దొర్లి ఏ కాలిమీద పడునో చెప్పజాలము. వెనుక తలుపునకు వ్రేలాడదీయుట మరియొక పొరపాటు. అమెరికా దేశమున కారు వెనుక తగిలించుకొని పోవు ఇంటిబండ్లు కలవు. వానిలో కొన్నిటికి వెనుకనున్న పలుచని ఇనుపగొట్టమునకే స్టెపినీని బిగించుచుందురు. దారికుదుపులకు ఆ గొట్టపు వెల్డింగు చీలి, చక్రము బాటమీద పడి, వెనుక వచ్చువారికి ప్రమాదము తెచ్చుట అచ్చటివారికి తెలిసిన కథయే. చివర వ్రేలాడు బరువునకు కుదుపు హెచ్చు. కావున ట్రక్కు ముందుపలకకు వెలుపల, చట్రపు దిమ్మెకు వెల్డింగు చేయించిన గట్టి బ్రాకెట్టు మీద నిలువుగా నిలిపి, రెండు మూడు బోల్టులతో బిగించుట మేలు. ట్రాక్టరు మలుపు తిరుగునప్పుడు దాని వెనుకచక్రము తగులనంత ఎడము ఉండవలెను. బోల్టు ఊడినను చక్రము జారకుండ ఒక గొలుసు కూడ చుట్టవలెను. కొత్తగా బిగించిన నట్లు కొంతదూరము పోయిన పిమ్మట సడలును. నరసరావుపేట దాటకముందే దిగి ఒకసారి పానాతో చూచుకొన్న పోవునదేమియు లేదు.

ఇక కాపాడు విధము. మన ట్రక్కులు నడుచుటచే అరుగుటకంటె నిలుచుటచే చెడుట ఎక్కువ. కోతల కాలమున రేయింబవళ్ళు పరుగు; పిమ్మట నెలల తరబడి ఎండలో నిలుకడ. ఎండ యనగా ఏ ఎండ? వేసవిలో 45 డిగ్రీలు దాటుట రెంటచింతలవారికి వింత కాదు. ఆ వేడికి, వెలుతురునకు రబ్బరు ఎండి, ప్రక్కగోడ మీద సన్నని బీటలు వారును. స్టెపినీ ఒక్క మైలైనను నడువకయే ముసలిదగును. దాని వయస్సు దానిమీదనే వ్రాసియుండును: ప్రక్కగోడ మీద చిన్నగడిలో నాలుగంకెల ముద్రను వెదకుడు. 3519 అని యున్నచో 2019వ సంవత్సరపు 35వ వారమున తయారైనదని అర్థము. అయిదేండ్లు దాటినదానిని ఏటేట తెలిసినవారికి చూపవలెననియు, పదియేండ్లు దాటినదానిని చూపునకు బాగున్నను మార్చవలెననియు పేరుపొందిన తయారీదారుల సలహా. బీటలలో వ్రేలిగోరు దిగినచో వయస్సు అడుగ పనిలేదు.

చక్రమునకు పాత గోనెపట్టాతో ఒక తొడుగు కుట్టుట మన చేతిపని. రెండు గోనెసంచులు, ఒక దబ్బనము చాలును. నల్లగా మెరయవలెనని కొందరు కాలిపోయిన ఇంజనునూనె పూయుదురు. నూనె రబ్బరును మెత్తబరచి పాడుచేయును. తడిగుడ్డతో తుడిచిన చాలు. టైరును పెరటిలో వెల్లకిల పడవేయరాదు. వాననీరు లోపల నిలిచి, డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమలు అందు గ్రుడ్లు పెట్టును. నీడను, నిలువుగా ఉంచుడు. పడియున్న టైరు ఎత్తునప్పుడు లోపల చేయి పెట్టకముందు కఱ్ఱతో తట్టుడు. తేళ్ళకు అది మంచి ఇల్లు.

వాడకున్నను గాలి మెల్లమెల్లగా తగ్గును. నెలకొకసారి తెల్లవారుజామున, ఎండ తగులకముందు, కొలిపించవలెను. ఎండలో వేడెక్కిన టైరు లెక్క హెచ్చుగా చూపును. ఎన్ని పౌనులు పట్టవలెనో టైరు మీదనే వ్రాసియుండును. వాల్వు మీద సబ్బునీరు ఒక చుక్క వేసినచో, కారుచున్నదో లేదో బుడగ చెప్పును. వాల్వు టోపీ చిన్నదని పారవేయువారు కలరు. దుమ్ము లోపలికి పోకుండ కాచునది అదియే.

ఇవన్నియు చేసినను, ఇంటి వాకిట పగటివేళ ఒకసారి ఆ చక్రమును దింపించి, తగిలించి చూచినగాని నమ్మవలదు. తుప్పుపట్టిన నట్టు ఊడునా, పానా సరిపోవునా, జాకీ ఎత్తునా యన్నది అప్పుడే తేలును. జాకీ మీద అది ఎన్ని టన్నులు మోయునో వ్రాసియుండును. కారు జాకీ ట్రక్కునకు పనికిరాదు. మన నల్లరేగడిలో జాకీ దిగబడిపోవును గనుక దానిక్రింద వెడల్పైన మందపు చెక్క వేయవలెను. దగ్గర దొరకినదని నాపరాతి పలకను వేయుదురు. బరువునకు అది ఫెళ్ళున పగిలినచో జాకీ తప్పును. పల్నాటి రాళ్ళను గూర్చి శ్రీనాథుని పేర చాటువులే పుట్టినవి. టైరులు కోయుటలో ఆ రాళ్ళ ప్రతాపము నేటికిని తగ్గలేదు, జాకీ మోయుటకు మాత్రము అవి నమ్మదగినవి కావు.

బాటమీద మార్చవలసి వచ్చినప్పుడు ట్రాక్టరు నుండి ట్రక్కును విడదీయరాదు. రెండు చక్రములది ముందుకో వెనుకకో ఒరుగును. రెండవ చక్రమునకు ముందు వెనుకల రాళ్ళు పెట్టి, సరకు దింపి, నట్లను సగముచుట్టు సడలించిన పిమ్మట ఎత్తవలెను. బిగించునప్పుడు వరుసగా గాక ఎదురెదురుగా బిగించవలెను. జాకీ మీదనున్న బండి క్రింద ఎవరును తల పెట్టరాదు.

ట్రక్కులో మనుష్యుల నెక్కించుట చట్టము ఒప్పదు. ఎక్కించుచున్నారనుటయు అందరికి తెలిసినదే. 2025 ఫిబ్రవరి 9వ తేదీన ముప్పాళ్ల మండలమున మిరపకోత కూలికి పోయిన స్త్రీలున్న ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించిరి. ఆ దుర్ఘటన టైరు వలన కలిగినదని మేము చెప్పుట లేదు. ఆ ట్రక్కులో నిలువబడి పోవువారికి పట్టుకొనుటకైనను ఏమియు ఉండదని చెప్పుచున్నాము. తిరునాళ్ళకు బస్సు కలదు. కూలికి పిలిచిన ఆసామి బండికి ఆటో బాడుగ అడుగుట తప్పు కాదు.

కారు కొనదలచిన యిండ్లవారికి ఒక్క మాట. 2020 నుండి, ట్యూబులేని టైరులును, గాలి తగ్గినచో తెలుపు యంత్రమును, అతుకుపెట్టెయు ఉన్న చిన్నకారులకు స్టెపినీ లేకున్నను చెల్లును. శ్రీశైలపు అడవిదారిని పోవు కుటుంబములు డబ్బు చెల్లింపకముందే వెనుకపెట్టె తెరిపించి చూచుకొనవలెను.

స్టెపినీకి దొంగలభయమున తాళము వేయుదురు, మంచిదే. ఆ తాళపుచెవి ఇంట మేకునకు తగిలించియుండునేమో చూడుడు. ఒకటి పానాతో కూడ ట్రాక్టరు పెట్టెలో నుంచి, రెండవది మీ తాళపుగుత్తిలో చేర్చుకొనుడు.