వేగము పెంచు ప్రాసెసరు
మా పెద్దవాఁడు కొత్త కంప్యూటరునందలి ప్రాసెసరును నిర్ణీతవేగమునకు మించి నడపవలెనని పట్టుపట్టెను. దీనినే ఓవర్‌క్లాకింగు అందురు. వేరుసెనగ యమ్మిన సొమ్ము మాచేతనే యున్నది గనుక మేమే విచారించితిమి. (మావారు వ్యాకరణమైనచోఁ జెప్పుదు ననిరి.)

ఇంటెలువారి వానిలో పేరు చివర ‘కె’ యున్నవే సాధారణముగా నిందుకు లొంగును. ‘జెడ్’ తరగతి మదర్‌బోర్డు తోడు కావలెను. ఆ పెట్టెలో కూలరు రాదు. రైజెనులలో నించుమించుగా నన్నియు లొంగును. ‘బి’ బోర్డు చాలును, ‘ఏ’ బోర్డు పనికిరాదు. ఇట్లు చెడినదానికి వారంటీ వర్తింపదు.

1998లో సెలెరాన్ 300ఏ యను చవుక ప్రాసెసరును 300 మెగాహెర్ట్‌జులనుండి 450కి పెంచి జనులు మురిసిరి. నేఁటివి తమంతటనే వేగము పుంజుకొనును. మిగులు లాభము స్వల్పము. వేఁడియో, వోల్టేజి వర్గమును బట్టి పెరుగును. మా యాలూరిలో వైశాఖపు టెండ 40 డిగ్రీలు దాఁటును. ఏ ఫ్యానును గదిగాలికంటెఁ జల్లఁబఱుపలేదు.

కావున రైజెనును, ‘బి’ బోర్డును గొని, మిగిలినది మంచి కూలరునకు వెచ్చించితిమి. వేగము సంగతి కార్తికమునఁ జూతమంటిమి. వాఁడు రెండు దినములు మాటలాడలేదు. నేఁడు కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టుచున్నాఁడు.