అందరి తలకీ ఒకే సీసానా?

ఈ మధ్య ఏ నలుగురు ఆడవాళ్ళు కలిసినా కూరగాయల ధరల తరువాత వచ్చే మాట జుట్టు గురించే. "సల్ఫేట్ లేని షాంపూ వాడుతున్నారా? సిలికోన్ లేని కండిషనర్ కొన్నారా?" అని అడిగేవాళ్ళు మా పటమటలోనే కాదు, ఉయ్యూరులోనూ గుడివాడలోనూ ఉన్నారు. సూపర్ మార్కెట్టులో ఒక అలమరా అంతా ఇవే. మామూలు షాంపూ కంటే ఖరీదు బాగా ఎక్కువ. అయినా కొంటున్నాం. ఎందుకంటే ఇన్నాళ్ళూ వాడిన మామూలు సీసాని చూస్తే ఇప్పుడు భయం వేస్తోంది.

ఈ భయంలో నిజమెంత, వ్యాపారమెంత అన్నది నెల ఖర్చు చూసుకునే మనమే తేల్చుకోవాలి. నా మటుకు నాకు తేలిన సంగతి ముందే చెప్పేస్తాను. ఇవి కొందరికి బాగా పనికొస్తాయి, కొందరికి పనికిరావు. ఎవరికి పనికొస్తాయన్నది సీసా మీద రాసి ఉండదు. మీ మాడు, మీ వెంట్రుక, మీ పంపులో వచ్చే నీళ్ళు, ఈ మూడూ కలిసి చెప్పాలి.

అసలీ సల్ఫేట్ అంటే ఏమిటి? నూనె, నీళ్ళు కలవవని మనకి తెలుసు. ఆ రెండింటినీ కలిపి, మాడు మీది జిడ్డునీ మురికినీ నీళ్ళతో కొట్టుకుపోయేలా చేసే పదార్థం షాంపూలో ఉండాలి. సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం లారెత్ సల్ఫేట్ చేసేది ఆ పనే. పూర్వం సబ్బుతో తలరుద్దుకునే దేశాల్లో, గట్టి నీళ్ళలో సబ్బు విరిగి జుట్టుకి తెల్లటి తెట్టు పట్టేది. 1934లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 'డ్రీన్' అనే షాంపూ తెచ్చింది. సబ్బుకి బదులు ఈ జాతి పదార్థంతో చేసింది కాబట్టి అది తెట్టు కట్టలేదు. మన దగ్గర 1983లో తమిళనాట మొదలైన చిక్ షాంపూ లాంటివి చిన్న ప్యాకెట్లుగా కిరాణా కొట్లలో వేలాడాక, పల్లెటూళ్ళలో కూడా వారం వారం షాంపూ అలవాటైంది. నురుగొస్తేనే మురికి పోయినట్టు అన్న నమ్మకం కూడా దాంతోనే స్థిరపడింది.

సల్ఫేట్ల వల్ల క్యాన్సర్ వస్తుందని 1990ల చివర్లో ఈ-మెయిళ్ళలో ఒక పుకారు తిరిగింది. ఇప్పుడదే ఫోన్లలో తిరుగుతోంది. దానికి రుజువు లేదు. వాటి మీద న్యాయంగా చెప్పగల నేరం ఒకటే: కొందరి మాడునీ వెంట్రుకనీ అవి మరీ ఎండబెడతాయి. చర్మం సున్నితమైన వాళ్ళకి దురద, మంట కలిగిస్తాయి. ఇది మనిషిని బట్టి, మోతాదుని బట్టి ఉంటుంది.

మాటకొస్తే, సల్ఫేట్ లేని షాంపూ మనకేమన్నా కొత్తా? కుంకుడుకాయ ఏమిటి మరి? కాయలు కొట్టి, గింజ తీసేసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి పిసికితే వచ్చే ఆ నురుగుకి కారణం సపోనిన్లు అనే పదార్థాలు. అడవుల్లో గిరిజనులు ఏరిన కుంకుడుకాయలూ సీకాయా, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ద్వారా కూడా పట్నాలకి వస్తున్నాయి. ఇంతకంటే సహజమైనది ఏముంటుంది? అయినా కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు తలంటించుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. సహజం అన్నంత మాత్రాన మెత్తనిది కాదు.

పైగా మన పెద్దవాళ్ళు దీన్ని అందరికీ ఒకే కొలతన వాడలేదు. జిడ్డు తలకి చిక్కటి రసం తీసేవారు. జుట్టు పీచులా ఉంటే మందారాకు నూరి కలిపేవారు, లేకపోతే ఇంత గంజి పోసేవారు. పసివాళ్ళకైతే కుంకుడు జోలికే పోకుండా పెసరపిండితో సరిపెట్టేవారు. ఒక ఇంట్లోనే నాలుగు తలలకి నాలుగు రకాలు! ఆ విచక్షణ పోయి, "ఇది అందరికీ మంచిది" అన్న ప్రకటన దగ్గర ఇవాళ మనం ఆగిపోతున్నాం.

ఇక ఎవరికి ఏది నప్పుతుందో చూద్దాం. ఉంగరాల జుట్టుకీ, ఎండిపోయిన పీచు జుట్టుకీ సల్ఫేట్ లేనివి తరచు మేలు చేస్తాయి. మాడులో ఊరే జిడ్డు తిన్నగా ఉన్న వెంట్రుక మీద సులువుగా జారి చివరిదాకా వెళుతుంది. వంకులు తిరిగిన వెంట్రుక మీద అంత దూరం పోలేదు. అందుకే అలాంటి జుట్టు చివర్లు ఎప్పుడూ ఎండుతూనే ఉంటాయి. వాటికి ఘాటు షాంపూ పడితే ఉన్న కాస్త తడీ పోతుంది. రంగు వేయించుకున్నవాళ్ళకీ, పార్లర్లో కెరటిన్, స్మూతెనింగ్ చేయించుకున్నవాళ్ళకీ కూడా మెత్తటి షాంపూయే మంచిది.

పల్చగా, తిన్నగా ఉండి రెండో రోజుకే జిడ్డోడే జుట్టు సంగతి వేరు. వారమంతా కొబ్బరినూనె రాసి జడ వేసుకునే అలవాటున్నవాళ్ళ సంగతీ వేరే. మరీ మెత్తటి షాంపూ ఆ నూనెని ఒక్కసారికి వదిలించలేదు. రెండుసార్లు, మూడుసార్లు రుద్దాల్సి వస్తుంది. సీసా పదిహేను రోజులకే ఖాళీ. మే నెలలో బెజవాడ ఎండకి చెమటా, బెంజిసర్కిల్ దుమ్మూ కలిసిన తలకి మామూలు షాంపూ వారానికి రెండుసార్లు పెట్టుకుంటే పాపమేమీ లేదు.

చుండ్రు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది మాడు మీద అందరికీ ఉండే మలాసెజియా అనే ఒక రకం శిలీంధ్రంతో ముడిపడిన బాధ. మాడులోని జిడ్డే దానికి ఆహారం. ఆ తలకి రాత్రంతా నూనె పట్టించి, పొద్దున్నే జిడ్డు వదలని షాంపూతో కడిగితే చుండ్రు పెరగవచ్చు. డాక్టర్లు రాసే కీటోకొనజోల్ షాంపూలో సల్ఫేట్ ఉందని పక్కన పడేయడం మందు మానేయడమే.

మా అపార్టుమెంటులో ఒకే ఇంటి తోడికోడళ్ళు ఒకే సీసా మూడు నెలలు వాడారు. ఉంగరాల జుట్టున్న పెద్దావిడకి చిక్కులు తగ్గాయి. చిన్నావిడ మాత్రం "ఏంటోనండీ, తలంటుకున్నా పోసుకోనట్టే ఉంటోంది" అని మొత్తుకుంది. ఇద్దరూ చెప్పింది నిజమే.

ఇప్పుడు సిలికోన్ సంగతి. డైమెథికోన్ లాంటి ఈ పదార్థాలు వెంట్రుక మీద పల్చటి పొరలా పరుచుకుంటాయి. చిక్కు తీసేటప్పుడు దువ్వెన జారుతుంది, జుట్టు తెగడం తగ్గుతుంది, మెరుపొస్తుంది. "సిలికోన్ జుట్టుని ఊపిరాడనివ్వదు" అంటారు. మాడు పైకొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు, ఇంక ఊపిరెక్కడిది? ఒత్తుగా, గరుకుగా చెదిరిపోయే జుట్టుకి సిలికోన్ నిజంగా ఉపకారమే. పల్చటి జుట్టుకైతే బరువై, తలకి అతుక్కుపోయినట్టుంటుంది. వాళ్ళు మానేస్తే సుఖం.

మరి సల్ఫేట్‌నీ సిలికోన్‌నీ జంటగా ఎందుకు వెలేశారు? ఇందులో ఒక కిటుకుంది. ఈ శతాబ్దం మొదట్లో అమెరికాలో లొరైన్ మాస్సీ అనే కేశాలంకరణ నిపుణురాలు ఉంగరాల జుట్టు గురించి 'కర్లీ గర్ల్' అనే పుస్తకం రాసింది. ఉంగరాల జుట్టు ఎండిపోకుండా ఉండాలంటే ఘాటు షాంపూ వద్దంది. నీళ్ళలో కరగని సిలికోన్‌ని మెత్తటి షాంపూ సరిగ్గా వదిలించలేదు, పొర మీద పొర పేరుకుంటుంది. కాబట్టి సిలికోనూ వద్దంది. ఆ రెండో నియమం మొదటి నియమం వల్ల వచ్చిందన్నమాట. మామూలు షాంపూ వాడేవాళ్ళకి ఆ పేరుకునే బెడద అంతగా ఉండదు. ఉంగరాల జుట్టు కోసం చెప్పిన పథ్యాన్ని తిన్నటి జుట్టువాళ్ళందరి నెత్తినా పెట్టింది వ్యాపారమే. సిలికోన్‌లో కొన్ని రకాలకి ఇంకో అభ్యంతరం ఉంది. నీళ్ళలో, మట్టిలో తొందరగా విరగవని డి4, డి5 అనే రెండు రకాలని, కడిగేసే సౌందర్య సాధనాల్లో 0.1 శాతానికి మించకూడదని యూరోపియన్ యూనియన్ 2020 నుంచి ఆంక్ష పెట్టింది. అది మన జుట్టు కోసం కాదు, నదుల కోసం. ఆ కారణంతో ఎవరైనా మానేస్తానంటే నేను కాదనను.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది నీళ్ళు. కొత్త షాంపూ పడలేదని మూడు సీసాలు మార్చినవాళ్ళు, ఒక్కసారి తమ స్నానాల గది కుళాయి చూసుకోవాలి. దాని చుట్టూ తెల్లటి సున్నం గట్టిపడి ఉంటే అదే మీ జుట్టు మీదా చేరుతోంది. మా పటమటలో కార్పొరేషన్ కృష్ణ నీళ్ళతో తలంటుకునేవాళ్ళూ ఉన్నారు, వాడకానికి బోరు మీదే ఆధారపడేవాళ్ళూ ఉన్నారు. బందరు, అవనిగడ్డ వైపు సముద్రం దగ్గరపడే కొద్దీ బోర్లలో ఉప్పదనమూ ఎక్కువవుతుంది. తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేనిచోట 600 దాకా ఓర్చుకోవచ్చుననీ మన భారతీయ ప్రమాణం చెబుతోంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక సీసాలో బోరు నీళ్ళు, ఇంకో సీసాలో తాగే క్యాను నీళ్ళు పోసి, రెండింట్లో సమంగా సబ్బు తురుము వేసి ఊపండి. బోరు సీసాలో నురుగు రాక పాలలా విరిగితే అవి గట్టి నీళ్ళే. అలాంటప్పుడు ఆఖరున రెండు చెంబులు క్యాను నీళ్ళు పోసుకుని చూడండి. ఖరీదైన సీసా చేయని పని అవి చేయవచ్చు.

కొనేటప్పుడు ముందు వైపు పెద్ద అక్షరాలు కాదు, వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం, ఒక శాతానికి మించిన పదార్థాలని ఎక్కువ పాళ్ళలో ఉన్నదాన్ని ముందు పెట్టి వరుసగా రాయాలి. సల్ఫేట్ లేదని చెప్పి ఓలెఫిన్ సల్ఫోనేట్ వేసేవారున్నారు. అది దాదాపు సల్ఫేట్‌లాగే గట్టిగా జిడ్డు లాగుతుంది. గ్లూకోసైడ్, ఐసెథియోనేట్ అని ఉంటే మెత్తటివి. మెత్తటిదని పేరున్న కోకామిడోప్రొపైల్ బీటైన్ కూడా కొందరికి పడదు. అమెరికా చర్మ వైద్యుల సంఘం ఒకటి 2004లో దాన్నే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. 'కోన్', 'కోనాల్', 'సిలోక్సేన్' అని ముగిసే పేర్లు సాధారణంగా సిలికోన్లవి. చదివి, చిన్న సీసాయే కొని, నాలుగైదు తలంట్లు చూశాకే పెద్దది కొనండి.

మన కొబ్బరినూనెని కూడా మర్చిపోనక్కర్లేదు. 2003లో ముంబైకి చెందిన రేలే, మోహిలే అనే శాస్త్రవేత్తలు కొబ్బరినూనెనీ, పొద్దుతిరుగుడు నూనెనీ, మినరల్ ఆయిల్‌నీ పోల్చి చూశారు. కొబ్బరినూనె ఒక్కటే వెంట్రుకలోని ప్రొటీను నష్టాన్ని బాగా తగ్గించిందని ప్రకటించారు. వాళ్ళు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే అన్నదీ గుర్తుంచుకోవాలి. చుండ్రు లేనివాళ్ళు తలంటుకి గంట ముందు కాస్త రాసుకుంటే చాలు.

వీటన్నింటి కంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. కురుల కోసం ఇన్ని సీసాలు మార్చే మనం, జుట్టు ఊడుతుంటే రక్తం పరీక్ష చేయించుకోం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా జుట్టు ఊడుతుంది. టైఫాయిడో డెంగీనో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకీ, కాన్పయిన మూడు నాలుగు నెలలకీ కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. ఆ రాలడం మామూలుగా దానంతటదే ఆగుతుంది. అప్పుడు మార్చిన షాంపూకి ఆ ఘనత దక్కుతుంది! బాలింత తల దువ్వుకుంటూ రాలిన జుట్టు చూసి ఏడుస్తుంటే, సీసా కొనివ్వడానికి చాలామంది వస్తారు. హిమోగ్లోబిన్ ఎంతుందని అడిగేవాళ్ళు తక్కువ.

రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. అంతకు మించి నెలల తరబడి ఊడుతున్నా, పేనుకొరుకుడులా మచ్చలు పడినా, పాపిడి వెడల్పవుతున్నా దానికి మందు షాంపూ అలమరాలో దొరకదు. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. నెలసరి ఎక్కువవుతోందని చెప్పడానికి సిగ్గుపడకండి. ఆకుకూర, పప్పు, గుడ్డు ఇంట్లో అందరికీ వడ్డించాక మిగిలితే తినడం కాదు, ముందే మీ కంచంలో వేసుకోండి.

మాడు చూసి షాంపూ, చివర్లు చూసి కండిషనర్ ఎంచుకోండి. మీ అమ్మాయిది ఉంగరాల జుట్టయి, సల్ఫేట్ లేని సీసా కావాలని అడిగితే "ఎందుకే దండగ" అనకుండా కొనిపెట్టండి. ఆ సీసా మీకు పడకపోతే మొహమాటం లేకుండా మీ పాత షాంపూకో కుంకుడుకాయకో వెళ్ళిపోండి. మిగిలిన డబ్బుతో ఈ నెల మీ రక్తపరీక్ష చేయించుకోండి.