చవక అద్దెకు పోతే చెరువులో కాపురం
పట్నం శివారుకు తరలే జిల్లా కుటుంబాలు గమనించవలసిన సంగతులు

నల్లగొండ (గ్రామీణ విలేకరి): ఏటా ఎండాకాలం సెలవులు రాగానే జిల్లాలోని పల్లెల్లో కొన్ని ఇళ్లకు తాళాలు పడుతున్నాయి. పూర్వం మగవాళ్లు ఒంటరిగా భీవండికో, బొంబాయికో పోయి పండుగలకు తిరిగి వచ్చేవారు. ఇప్పుడు అట్లా కాదు. పొలం కౌలుకిచ్చి, గొడ్లను అమ్ముకొని, పిల్లలతో సహా హైదరాబాదు శివారుకు కాపురం మారుస్తున్నారు. కారణం అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది పిల్లల చదువే చెబుతారు.

ఎవరు ఎటు పోతారనేది చాలావరకు బస్సు దారిని బట్టి ఉంటుంది. దేవరకొండ, మాల్ వైపు వారు సాగర్ రోడ్డు పట్టుకొని తుర్కయాంజాల్, బి.ఎన్.రెడ్డి నగర్, మీర్‌పేట చేరుతున్నారు. నకిరేకల్, కట్టంగూరు, చిట్యాల వారు విజయవాడ రహదారి మీద పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్‌లో దిగుతున్నారు. మోత్కూరు, భువనగిరి పక్కల వారిది ఘట్‌కేసర్, బోడుప్పల్, పీర్జాదిగూడ దారి. అక్కడ తమ ఊరివాడు ఒకడు ముందే ఉంటాడు. ఆయన పక్క సందులో ఖాళీగా ఉన్న రెండు గదులు చూపిస్తాడు. అద్దె కుదిరితే చాలు, సామాను దిగిపోతుంది. ఊరివాళ్లు పక్కన ఉండటం మంచిదే. జ్వరం వస్తే ఒకరికొకరు ఆసరా. అయితే ఆ ఊరివాడు కూడా ఆనాడు ఎవరో చూపిన సందులోనే దిగినవాడని మరచిపోరాదు. ఆయనకు ఆ గది దొరికింది గనుక ఉన్నాడు గాని, బస్తీలన్నీ చూసి ఎంచుకొని కాదు.

కట్ట, అలుగు, శిఖం

అన్నిటికంటె ముందు చూడవలసింది నీటి దారి. ఈ విషయంలో పట్నపు వారికంటె పల్లెవారికే తెలివిడి ఎక్కువ. చెరువు అంటే కట్ట, తూము, అలుగు, శిఖం అని మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని విచిత్రమేమంటే, ఊళ్లో శిఖం భూమిలో గడ్డివాము కూడా వేయని మనిషి, పట్నం వెళ్లి అదే శిఖంలో కట్టిన ఇంటికి అడ్వాన్సు ఇచ్చి వస్తున్నాడు. కారణం, అక్కడ కట్ట మీద తారురోడ్డు పడి ఉంటుంది. అలుగు పారిన చోట సిమెంటు సందు ఉంటుంది. కాలనీకి ఏ దేవుడి పేరో, ఏ నాయకుడి పేరో పెట్టి ఉంటారు. చెరువు ఆనవాలు కంటికి కనబడదు.

2020 అక్టోబరు 13న పడిన వాన దీనికి గట్టి రుజువు. ఆ ఒక్కరోజు ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. హయత్‌నగర్, సరూర్‌నగర్, ఉప్పల్ మండలాల్లోని పల్లపు కాలనీలలోకి నీళ్లు చొరబడ్డాయి. మీర్‌పేటలో మిథిలానగర్, సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరామ్‌నగర్ వంటి చోట్ల నీళ్లు వెంటనే తీయలేదు. కింది అంతస్తుల వారి బియ్యం, పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ తడిసి ముద్దయ్యాయి. వాన విపరీతమైనదే, కాదనలేము. అయినా అన్ని కాలనీలు మునగలేదు గదా! మునిగినవి చాలామటుకు ఒక చెరువు నుంచి మరో చెరువుకు నీరు పోయే దారిలో ఉన్నవే. మన ఊళ్లలో గొలుసుకట్టు చెరువులున్నట్లే అక్కడా ఉన్నాయి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు పోవాలి. మధ్యలో ఇళ్లు కట్టినంత మాత్రాన నీరు దారి మానుకోదు.

కనుక గది చూడటానికి వెళ్లినవారు గోడల రంగులు, టైల్సు చూడటం తర్వాత సంగతి. ముందు గోడ అడుగున మోకాలెత్తులో నీటి చార ఉందేమో చూడాలి. సున్నం వేసి దాచినా చెమ్మ దాగదు. పక్కింటి గడపలు రోడ్డుకంటె ఎత్తు పెంచి కట్టి ఉంటే ఎందుకు పెంచారని అడగాలి. ఇంటి ఓనరును అడిగితే "మా గల్లీకి నీళ్లు రావు" అనే అంటాడు. సందు మొదట్లోని కిరాణా కొట్టు వానిని, ఇస్త్రీ బండి వానిని అడిగితే నిజం తెలుస్తుంది. వాళ్లకు అద్దెతో పనిలేదు. వీలైతే వాన వెలిసిన మరునాడే ఇల్లు చూడబోవటం అన్నిటికంటె మేలు.

అద్దెకుండే వారికి నష్టం సామానుతో పోతుంది. స్థలం కొనేవారికి అలాకాదు. చెరువు పూర్తిగా నిండినపుడు నీళ్లు నిలిచే హద్దును ఎఫ్.టి.ఎల్. అంటారు. దాని లోపల కట్టడానికి అనుమతి లేదు. ఆ హద్దు అవతల కూడా, 25 ఎకరాల లోపు చెరువైతే 9 మీటర్లు, అంతకు మించినదైతే 30 మీటర్లు ఖాళీగా వదలాలని నిబంధన. 2024 జులైలో ప్రభుత్వం 'హైడ్రా' అనే సంస్థను ఏర్పాటు చేసిన తర్వాత చెరువు స్థలాల్లోని కట్టడాలను కూల్చటం మొదలయింది. రిజిస్ట్రేషన్ అయింది గదా, కరెంటు మీటరు ఇచ్చారు గదా, ఇంటిపన్ను కట్టించుకున్నారు గదా అని జనం అడిగారు. అడిగిన మాట న్యాయమైనదే. కాని రిజిస్ట్రేషన్ అనేది అమ్మకానికి సాక్ష్యమే తప్ప ఆ నేల మీద కట్టుకోవచ్చుననే అనుమతి కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎకరం అమ్మిన డబ్బు నూటయాభై గజాల్లో పోసి దిగులు పడుతున్నవారు పల్లెల్లో ఉన్నారు. హెచ్.ఎం.డి.ఎ. వారు చెరువుల హద్దుల పటాలను ప్రజలకు అందుబాటులో పెట్టారు. కొనే ముందు సర్వే నంబరుతో సరిచూసుకోవచ్చు. చదువుకున్న పిల్లవానికి సెల్‌ఫోన్‌లో పావుగంట పని.

భూదాన్, అసైన్డ్ భూముల సంగతీ అంతే. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలోనే భూదానోద్యమం పుట్టింది. దానం ఇచ్చిన ఆ భూములు అమ్మకానికి పనికిరావు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును 1977 చట్టం నిషేధించింది. శివారు మండలాల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. చవకగా వస్తున్నదని, నోటరీ కాగితం మీద అమ్ముతున్నారని ఎవరైనా చెబితే ఆ చవక ఎందుకో ఆలోచించాలి.

ఏ తరగతిలో తరలిస్తున్నారు?

ఇక బడి. పిల్లల చదువు కోసమే వెళ్తున్నామనేవారు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికత లెక్క మారింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడవ తరగతి వరకు అభ్యర్థి ఎక్కువ కాలం, అంటే నాలుగేళ్లు, ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా వానిగానే పరిగణిస్తారు. పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఇదివరకు నాలుగు నుంచి పది వరకు చూసేవారు గనుక పెద్దవాళ్ల బుర్రలో ఇంకా ఆ పాత లెక్కే ఉంది.

హయత్‌నగర్, తుర్కయాంజాల్ రంగారెడ్డి జిల్లాలోవి. బోడుప్పల్, ఘట్‌కేసర్ మేడ్చల్ జిల్లాలోవి. నల్లగొండ జోను వేరు, ఆ జిల్లాల జోను వేరు. రెండో తరగతిలో పిల్లవాణ్ణి తీసుకువెళ్లి ఏడు దాకా అక్కడ చదివిస్తే వాడు రేపు నల్లగొండ జిల్లా టీచరు పోస్టుకు స్థానికుడు కాడు. ఆరో తరగతిలో తీసుకువెళ్తే అప్పటికే ఊళ్లో అయిదేళ్లు నిండాయి గనుక సొంత జిల్లా వాడే. ఏది లాభం, ఏది నష్టం అని ఈ విలేకరి తేల్చి చెప్పలేడు. ఏ జిల్లాలో ఎన్ని పోస్టులు పడతాయో ఎవరికెరుక! తెలిసి చేయటం వేరు, ఇరవై ఏళ్ల తర్వాత దరఖాస్తు ఫారం ముందు కూర్చొని తెలుసుకోవటం వేరు.

దీనితో ముడిపడినదే బోనఫైడ్ సర్టిఫికెట్టు. శివారు కాలనీల్లో అపార్టుమెంటు కింది అంతస్తులో నడిచే చిన్న బడులు రెండు మూడేళ్లకే మూతపడటం కద్దు. బడి మూతపడ్డాక ఆ పిల్లలు అక్కడ చదివినట్లు కాగితం సంపాదించటం పెద్ద తంటా. కనుక బడికి ప్రభుత్వ గుర్తింపు ఉందా, ఏ తరగతి వరకు ఉంది అని అడగటం మొగమాటపడవలసిన విషయం కాదు. ఏటా చదువు ముగియగానే ఆ ఏటి బోనఫైడ్ తీసి ట్రంకు పెట్టెలో పెట్టుకోవాలి.

శివారులోని ప్రభుత్వ బడులను జనం చిన్నచూపు చూస్తున్నారు. ఊళ్లో సర్కారు బడికి పంపినవారే పట్నం వెళ్లాక పంపటానికి నామోషీ పడుతున్నారు. చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంది. టీచర్లు ఎందరున్నారో, పిల్లలెందరో వెళ్లి చూసి, ఆ తర్వాతే వద్దనుకోవచ్చు. తండ్రి కూలి మొత్తం ఫీజుకే పోతే కాపురం మార్చిన ప్రయోజనం ఏమిటో అర్థం కాదు.

నీళ్లు, వాసన

నగరం తాగే కృష్ణా నీళ్లు మన జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయరు నుంచి, కోదండాపూర్‌లో శుద్ధి అయి వెళ్తాయి. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన మన పల్లెల మీదుగానే ఆ గొట్టాలు పోయాయి. అవే నీళ్లను వెతుక్కుంటూ మనం శివారుకు పోతే, అక్కడి కొత్త కాలనీల్లో కొన్నింటికి ఇంకా బోరే గతి. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు. ఆ డబ్బు అద్దెలో కలిసి ఉందా, విడిగా కట్టాలా అనేది ముందే తేల్చుకోకుంటే ఏప్రిల్‌లో ఓనరుతో పేచీ తప్పదు.

దమ్మాయిగూడ, నాగారం వైపు కొన్ని చోట్ల అద్దె తక్కువ అంటారు. జవహర్‌నగర్ చెత్త డంపు వాసన గాలిని బట్టి అటు వస్తుంది. పగలు వెళ్లి చూస్తే తెలియకపోవచ్చు, రాత్రి తొమ్మిది గంటలకు వెళ్లాలి. ప్రతాపసింగారం వైపు మూసీ ఒడ్డున ఉన్న కాలనీలకు దోమలు, దుర్వాసన. మూసీ ఆయకట్టు రైతులకు దాని గురించి చెప్పేదేముంది.

రోడ్డు దాటటం

విజయవాడ రహదారికి ఆనుకొని ఉన్న కాలనీలలో ఇల్లు ఒక వైపు, బడి మరో వైపు పడితే పిల్లలు రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు దాటాలి. మన చిట్యాల, కట్టంగూరు వారికి ఆ రోడ్డు తీసుకున్న ప్రాణాల లెక్క తెలుసు. ఇల్లు, బడి రోడ్డుకు ఒకే పక్క ఉండేట్లు చూసుకోవటం ఉత్తమం. వెయ్యి రూపాయలు అద్దె ఎక్కువైనా సరే.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఇళ్లలో పనికి, దుకాణాల్లో పనికి పోయే ఆడవాళ్లకు ఇది నెలకు కొంత మిగులు. అయితే బస్టాపు నడిచే దూరంలో ఉంటేనే. లోపలి కాలనీ నుంచి బస్టాపు దాకా ఆటోకు పెట్టవలసి వస్తే ఆ మిగులు అక్కడే హారతి. ఎల్.బి.నగర్ వరకు మెట్రో 2018లో వచ్చింది. ఘట్‌కేసర్ నుంచి ఎం.ఎం.టి.ఎస్. రైలు 2024 మార్చిలో మొదలయింది. రామన్నపేట, చిట్యాల వారికి నల్లగొండ రైలు మార్గం కూడా ఉంది గనుక, ఊళ్లో ముసలి తల్లిదండ్రులను వదిలి వెళ్లేవారు బీబీనగర్, ఘట్‌కేసర్ వైపు ఆలోచించవచ్చు. బీబీనగర్ ఎయిమ్స్ ఆసుపత్రీ ఆ పక్కనే. హయత్‌నగర్ వైపు వారికి వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, రైతుబజారు ఉన్నాయి.

రేషన్ కార్డు ఊళ్లో ఉందని బియ్యం కోసం నెలనెలా బస్సెక్కి రానక్కరలేదు. రాష్ట్రంలో ఏ చౌక దుకాణంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కార్డు మార్పించుకోవలసిన తొందర కూడా లేదు. తొందరపడవలసింది టి.సి. విషయంలో. జూన్‌లో బడులు తెరిచాక తిరిగితే దగ్గరి బడిలో సీటు దొరకక దూరపు బడికి బస్సు ఫీజు కట్టవలసి వస్తున్నది. ఏప్రిల్‌లోనే ఒక ఆదివారం కాక పనిదినం చూసుకొని, మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లి, ముందు బడి చూసి, ఆ తర్వాత ఆ బడి చుట్టుపక్కల గది వెతుక్కోవాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు.